నీళ్ళ మెరుపు కింద రెమీహియో

మా తోడికోడలు నిదెల్వియాకు సముద్రమంటే భయం. ఉప్పుగాలిలో పుట్టి, ఉప్పుగాలిలోనే కాపురం చేసిన మనిషికి ఆ భయమేమిటని బయటివాళ్ళు నవ్వుతారు. మా పల్లె పుంతా గావిలాన్‌లో మాత్రం ఎవరూ నవ్వరు. ఆమె భర్త రెమీహియో, అంటే నా భర్తకు అన్న, ఒక జూలైలో రాళ్ళ సందుల్లో దాగే పెద్ద రొయ్యల కోసం పగడపు దిబ్బ దాటి వెళ్ళాడు. సాయంత్రానికి పడవ దొరికింది. ఇంజను ఇంకా ఆడుతూనే ఉంది. పడవ గానుగెద్దులా ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. మనిషి మాత్రం లేడు. ఆ తర్వాత కూడా దొరకలేదు.

దొరకని వాళ్ళకి మా ఊళ్ళో రాయి వేస్తాం. నూనె డబ్బాలో సిమెంటు పోసి, ఆరకముందే గవ్వలతో పేరు అద్ది, పడవలో తీసుకెళ్ళి దిబ్బ లోపలి నెమ్మది నీళ్ళలో దింపుతాం. శ్మశానంలో ఎందుకు పెట్టరని అడిగిన పాద్రీలు వచ్చారు, పోయారు. నీళ్ళలో ఉన్నవాణ్ణి మట్టిలో వెతకడమేమిటి? ఏటా నవంబరులో, పోయినవాళ్ళు తిండికి వచ్చే పండుగ రోజున, ఇంటివాళ్ళు పడవేసుకుని ఆ రాయి దగ్గరికి వెళ్తారు. మగవాడొకడు మునిగి, రాయిని తాకి, పైకి వస్తాడు. 'ఎలా ఉన్నాడు?' అని అడుగుతారు. 'బాగున్నాడు' అంటాడు. అంతకు మించి అడగడం మా దగ్గర లేదు. ఆడవాళ్ళు పూలు వదిలి ఇంటికొచ్చి, గుంటలో కాల్చిన కోడికూర రొట్టె పోయినవాళ్ళకింత పెట్టి తామింత తింటారు.

మా ఇంట్లో మునిగేది నా భర్త ఫెర్మీన్. వదినగారి కోసం అతను ఏటా మునుగుతాడు. పట్టిన చేపల్లో మొదటిది ఆమె ఇంటికే వెళ్తుంది. ఆమె ఇంటి కప్పు మీద తాటాకు మా కప్పు కంటే ముందు మారుతుంది. నేను నోరు మూసుకునే రకం కాదు కాబట్టి ఈ సంగతి అతనికి చాలాసార్లు చెప్పాను. విన్నట్టే తల ఊపి తాటాకు మోసుకుంటూ అటే వెళ్ళేవాడు.

నిదెల్వియా పడవ ఎక్కేది ఏడాదికి ఆ ఒక్క రోజే. ఎక్కితే నడిమి బల్ల మీద కూర్చుని, రెండు చేతులతో బల్లను పట్టుకుని, ఒడ్డు చేరేదాకా వదలదు. పక్కకి వంగదు. అడుగున అద్దం బిగించిన బకెట్టు మా పడవలన్నింట్లోనూ ఉంటుంది. దాన్ని నీళ్ళకి ఆనించి చూస్తే కింద ఉన్నదంతా కనిపిస్తుంది. కాని అలా చూడాలంటే పడవ అంచు మీద నుంచి సగం ఒళ్ళు బయటికి వేలాడాలి. "ఆయన్ని లాక్కుంది చాలదూ? నన్ను కూడా వంగి మెడ అందించమంటావా?" అనేది. కూర్చున్న చోటి నుంచి చూస్తే నీళ్ళ మీద ఆకాశమే కనిపిస్తుంది, కళ్ళు చీల్చేంత తెల్లగా. అందుచేత రాయిని దింపిన రోజు చూడటమే తప్ప, ఇన్నేళ్ళలో ఆమె దాన్ని మళ్ళీ చూడలేదు.

చూడాలని మాత్రం ఆమెకి కొండంత ఆశ ఉండేది. మొక్కజొన్నలు నానబెడుతూ ఉన్నట్టుండి నన్ను అడిగేది.

"లాందీ, ఆ గవ్వలు ఇంకా అంటుకునే ఉంటాయంటావా?"

"నాకేం తెలుసక్కా. నీ మరిదిని అడుగు."

"అడిగితే బాగున్నాడంటాడు. బాగుండటం వేరు. నేను చూసుకోవడం వేరు."

నాకు మండేది. ఎన్నేళ్ళని ఇలా? రెమీహియో బతికున్నప్పుడు వీళ్ళిద్దరూ పోట్లాడుకోని ఆదివారం ఉందా? అయినా ఆమె అలా తలుచుకుంటున్నప్పుడు ఆమె మొహంలోకి ఒక మెత్తదనం వచ్చేది. నేను పోతే నా రాయి మీద గవ్వల గురించి అడిగేవాళ్ళు ఉంటారా అని అనుకునేదాన్ని. అనుకుని మళ్ళీ పనిలో పడేదాన్ని.

ఇంతలో ఫెర్మీన్ రొయ్యల వేట తగ్గించి గైడు పని మొదలుపెట్టాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పెద్దమనుషుల్ని మోకాలి లోతు నీళ్ళలోకి తీసుకెళ్ళి వెండిరంగు చేపల్ని చూపించాలి. వాళ్ళు గాలంతో పట్టి, ఫోటో తీయించుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. వండుకోని చేప కోసం అంత దూరం నుంచి రావడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. అలా వచ్చినవాళ్ళలో కెరేతారో పట్నంలో బడిపిల్లలకి భౌతికశాస్త్రం చెప్పే పంతులుగారొకాయన, వెళ్తూ వెళ్తూ తన నల్ల కళ్ళద్దాలు ఫెర్మీన్‌కి ఇచ్చేశాడు. అవి పెట్టుకుంటే నీళ్ళ మీద మెరుపు పోయి లోపలిది లోపలున్నట్టు కనిపిస్తుంది.

ఎందుకలా కనిపిస్తుందో ఆయన మా పెరట్లో నిలబడి వివరంగా చెప్పాడు. దానికి నేను బట్టలారేసుకునే తాడు కావలసి వచ్చింది. తాడు ఒక కొస ఫెర్మీన్ చేతికిచ్చి, తాడును మా కంచె కర్రల సందులోంచి దూర్చి, రెండో కొస తను పట్టుకున్నాడు. పైకీ కిందకీ ఆడిస్తే తాడు మీద అల లేచి కర్రల సందులోంచి అవతలికి పోయింది. పక్కలకి ఆడిస్తే అల కర్రలకి కొట్టుకుని అక్కడే చచ్చింది.

"వెలుతురు కూడా అలే ఫెర్మీన్. సూర్యుడి దగ్గర బయల్దేరినప్పుడు అన్ని పక్కలకీ ఊగుతూ వస్తుంది. నీళ్ళకి కొట్టుకుని తిరిగొచ్చింది మాత్రం ఎక్కువ భాగం నీళ్ళతో పాటే అడ్డంగా ఊగుతుంది. ఈ అద్దం నిలువు కర్రల కంచె అనుకో. అడ్డంగా ఊగేదాన్ని ఆపేస్తుంది. నీళ్ళలోంచి పైకొచ్చే వెలుతురు మటుకు లోపలికొస్తుంది."

"అంటే మెరుపు బయట ఆగిపోద్ది, చేప లోపలికొస్తది," అన్నాడు ఫెర్మీన్.

"అంతే."

నేను అప్పుడే ఉతికి ఆరేసిన దుప్పటి మట్టిలో పడి ఉంది. వెలుతురు సంగతి నాకు అలా తెలిసింది.

ఆ రోజు నుంచి నా మొగుడితో వేగలేకపోయాం. ఊయల్లో పక్కకి తిరిగి పడుకుని, ఆ అద్దాలు పెట్టుకునే ఫోను చూసి, తెర నల్లబడిపోయిందని అమ్మిన కొట్టువాడి మీదికి దెబ్బలాటకి వెళ్ళాడు. కొట్టువాడు అద్దాలు తీయించి చూపించాక నవ్వుకుంటూ వచ్చాడు. ఫోను తెరలోంచి వచ్చే వెలుతురు కూడా ఒకే పక్కకి ఊగుతుందట. ఇంకొకడి అద్దాలు తన అద్దాల మీద అడ్డంగా పెట్టి, రెండు కంచెలూ కలిస్తే చీకటేనని ఊరందరికీ చూపించేవాడు. అన్నిటికంటే ముఖ్యంగా తల నిటారుగా పెట్టుకోవడం నేర్చుకున్నాడు. తల భుజం మీదికి వాలిస్తే మెరుపు మళ్ళీ వచ్చేస్తుంది. అందుకే మా ఊరి గైడ్లందరూ పడవల మీద ఫోటోకి నిలబడ్డ పెళ్ళికొడుకుల్లా ఉంటారు.

ఈ అద్దాల కబురు నిదెల్వియా చెవిన పడింది. అదే సాయంత్రం మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఫెర్మీన్, అవి పెట్టుకుంటే కూర్చున్నచోటి నుంచే అడుగు కనిపిస్తదట కదా?"

"ఎవరు చెప్పారు వదినా?"

"ఊరంతా చెబుతోంది. ఒక్కసారి నాకివ్వు. నన్ను తీసుకెళ్ళు. ఆయన్ని చూసుకుంటాను."

ఫెర్మీన్ మొహం మాడిపోయింది. నేను కళ్ళారా చూశాను. వదినగారు చుక్కల్లో ఏది అడిగినా నిచ్చెన వెతుక్కునే మనిషి, ఆ రోజు గొంతు సవరించుకున్నాడు.

"అవి నీ కళ్ళకి పడవు వదినా. తల తిరుగుద్ది."

"తిరిగితే కూర్చుంటాను."

"ఇప్పుడు నీళ్ళు బురదగా ఉన్నాయి. చూద్దాంలే."

చూద్దాంలే, చూద్దాంలే అని ఒక ఏడాది జరిపాడు. గాలి ఎక్కువుందనేవాడు, కాదంటే అద్దాలకి గీతలు పడ్డాయనేవాడు. ఇంకొకసారి పంతులుగారు ఎవరికీ ఇవ్వొద్దన్నాడని చెప్పాడు. ఆయన అలా అనలేదు, నేను పక్కనే ఉన్నాను. ఈలోగా ఎండకీ ఉప్పుకీ నిదెల్వియా కళ్ళ మూలల నుంచి పొర పాకడం మొదలైంది. కుడికంట్లో నల్లగుడ్డు అంచు దాకా వచ్చేసింది. పట్నంలో డాక్టరు కోసి తీస్తానన్నాడు, కోసినా మళ్ళీ రావచ్చన్నాడు. ఆమె భయమంతా ఒక్కటే, పొర కమ్మేలోపు ఆ రాయిని చూడలేకపోతానేమోనని.

ఫెర్మీన్ ఎందుకు ఇవ్వడంలేదో నేను నాకు తోచినట్టు అర్థం చేసుకున్నాను. అన్న కబురు ఆమెకి మోసేది తనొక్కడే. ఆమె తన కళ్ళతో తను చూసుకుంటే ఇక ఇతనితో పనేముంది? నా కోసం ఒక శంఖం తేవడానికైనా మునగని మనిషి, ఆమె ఎదురుచూపుని మూటగట్టి తన దగ్గర పెట్టుకున్నాడనిపించింది. ఒళ్ళు మండిపోయింది. నువ్వు చూపించకపోతే నేను చూపిస్తానని అనుకున్నాను.

ఆగస్టులో ఒక ఉదయం ఆకు కదలలేదు. ఫెర్మీన్ సహకార సంఘం మీటింగుకి వెళ్ళాడు. అక్కడికి వెళ్తే భోజనం వేళ దాకా రాడు. నేను మేకుకి వేలాడుతున్న అద్దాలు తీసుకుని నిదెల్వియా ఇంటికి వెళ్ళాను.

"లే అక్కా. పద."

"ఎక్కడికే?"

"మీ ఆయన దగ్గరికి."

ఆమె చేతిలో పిండి అలాగే ఉంది. నా చేతిలో అద్దాలు చూసి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళి జడ విప్పి మళ్ళీ అల్లుకుని వచ్చింది. రవిక మార్చుకుంది. మెడ దగ్గర ఎర్ర పూలు కుట్టిన తెల్ల రవిక, పండక్కి వేసుకునేది. నాకు నవ్వు రావలసింది, రాలేదు.

పడవ గడ నేనే వేశాను. మా నాన్న నాకు అన్నం తినడం కంటే ముందు గడ వేయడం నేర్పాడు. రెమీహియో రాయికి గుర్తు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పడవలోంచి ఒడ్డు వైపు చూస్తే, లైట్‌హౌసు భుజం మీద ఊరి నీళ్ళ ట్యాంకు కూర్చున్నట్టు కనిపించాలి. ఇటు పక్కన మడచెట్ల లంక చీలికలోంచి బయటి దిబ్బ మీది నురగ కనిపించాలి. రెండూ ఒకేసారి కుదిరిన చోట రాయి ఉంటుంది. అక్కడికి చేరేసరికి పొద్దు బాగా పైకొచ్చింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అంటే మెరుపు తప్ప ఏమీ లేదు.

"పెట్టుకో. కిందికి నిలువుగా చూడకు. కొంచెం ముందుకి, అదిగో అక్కడ చూడు."

నిదెల్వియా ఒక చేతితో బల్ల పట్టుకుని, రెండో చేత్తో అద్దాలు పెట్టుకుంది. చూసింది. వెంటనే రెండు చేతులతో బల్లని వాటేసుకుంది.

"లాందీ, నీళ్ళేవే?"

"ఉన్నాయక్కా. మనం నీళ్ళ మీదే ఉన్నాం."

"లేవు. పడవ గాల్లో ఉంది. పడిపోతాం."

"పడం. నీళ్ళు ఎటూ పోలా, మెరుపు పోయింది. ఇదిగో, చేయి పెట్టి చూపిస్తున్నా." నేను వంగి అరచేత్తో నీళ్ళు కొట్టాను. చుక్కలు ఆమె మొహం మీద పడ్డాయి. ఆమె ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ చూసింది. ఈసారి కళ్ళు తిప్పుకోలేదు.

"అబ్బ," అంది. "ఎంత వెలుగుందే కింద. నేను చీకటనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆయన చీకట్లో ఉన్నాడనుకున్నాను."

కింద మన పడవ నీడ ఇసుక మీద కనిపిస్తోందని చెప్పింది. ఆ నీడలో తన తల నీడ కూడా ఉందని చెప్పింది. ఒక తిరగలి రాయంత చేప ఇసుక దులుపుకుని వెళ్ళిపోయిందని చిన్నపిల్లలా చెప్పింది. తర్వాత ఆమె కళ్ళు ఆ ఇసుకంతా వెతికాయి.

"ఏదీ?" అంది.

"ఏంటక్కా?"

"ఆయన."

నేను గడ వేసి పడవని చుట్టూ తిప్పాను. ఆమె చూస్తూనే ఉంది. అద్దాలు ఒకసారి నేను తీసుకుని పెట్టుకున్నాను. ముగ్గుపిండి ఆరబోసినట్టు ఇసుక, అటు చివర నుంచి ఇటు చివరకి. రాయి లేదు, గవ్వ లేదు, రాయి పూడుకుపోయిన దిబ్బ కూడా లేదు. గుర్తులు తప్పానేమోనని తలెత్తి చూశాను. లైట్‌హౌసు భుజం మీద ట్యాంకు బుద్ధిగా కూర్చుని ఉంది. దాని మీద కొత్త నీలం రంగు ఎండకి మెరుస్తోంది.

అప్పుడు తట్టింది నాకు. అది ఆ ట్యాంకు కాదు. రాయి దింపిన తర్వాత వచ్చిన పెద్ద తుఫానుకి మా ఊరి పాత ట్యాంకు కూలిపోయింది. కొత్తది బడి వెనక కట్టారు, పాతదానికి చాలా ఎడంగా. చేపల చోట్లకి మా మగవాళ్ళు ఎప్పుడో కొత్త గుర్తులు వేసుకున్నారు. రోజూ వెళ్ళే చోట్లవి. ఏడాదికోసారి వెళ్ళే ఈ చోటికి మాత్రం పాత మాటే నోట్లో ఉండిపోయింది. ట్యాంకు అంటే ట్యాంకే కదా అని అందరం దాని వెంటే వచ్చాం. అంటే తుఫాను తర్వాత నా మొగుడు మునిగిందంతా ఈ ఒట్టి ఇసుకలోకే. తాకింది ఏమీ లేదు.

"వాడి నోరు పడిపోను!" అన్నాను. "అక్కా, ఆ ఫెర్మీన్‌గాడు ఇన్నేళ్ళూ నిన్ను మోసం చేశాడే! బాగున్నాడంట, బాగున్నాడు! ఇంటికి రానీ చెబుతాను."

"ముందు పాత చోటు చూడు," అంది నిదెల్వియా నెమ్మదిగా.

పాత ట్యాంకు ఎక్కడుండేదో ఊహించుకుని గడ వేశాను. అక్కడికి వెళ్తే అంతా గడ్డి. నీళ్ళ అడుగున ఒత్తుగా, నల్లగా, మోకాలెత్తు గడ్డి. ఆ అద్దాలు నీళ్ళని తెరుస్తాయి గాని గడ్డిని తెరవవు. దాని కింద ఒక నూనె డబ్బాయంత రాయి ఉండొచ్చు, లేకపోవచ్చు. తుఫాను దాన్ని దొర్లించుకుపోయి ఉండొచ్చు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అటూ ఇటూ తిప్పాను. నా చేతులు పొక్కులెక్కాయి.

"చాల్లే," అంది. "ఆ తెల్లచోటుకే తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాను. అక్కడ ఆమె ఎప్పుడూ చేయని పని చేసింది. బల్ల వదిలి లేచి నిలబడింది. నా గడని ఒక చేత్తో పట్టుకుని కిందికి చూసింది. తర్వాత తలని భుజం మీదికి వాల్చింది. మళ్ళీ నిటారుగా పెట్టింది. మళ్ళీ వాల్చింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"ఇలా వాలిస్తే నీళ్ళు మూసుకుపోతున్నాయి. మెరుపొస్తోంది. ఆ మెరుపు కింద ఆయన ఉన్నట్టే ఉంది. ఇలా నిలబెడితే తెరుచుకుంటున్నాయి. అప్పుడు లేడు." అద్దాల కింద నుంచి కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. వాటిని తుడుచుకోలేదు. "చూసుకోవాలి చూసుకోవాలని చంపుకు తిన్నాను మిమ్మల్ని. చూసుకున్నాను."

నాకూ ఏడుపొచ్చింది. కోపమొస్తే తిడతాను గాని ఏడుపొస్తే ఏం చేయాలో నాకు తెలియదు. "వాణ్ణి ఊరికే వదలను," అన్నాను.

"నోర్ముయ్యి," అంది. ఆమె నన్ను అంత మాట అనడం అదే మొదలు. "ఆ తుఫాను ఏడాది గుర్తుందా? ఇల్లు లేదు, కప్పు లేదు, ఊళ్ళో కోడి కూడా మిగల్లేదు. నేను పడవలో కూర్చుని చూస్తున్నాను. వాడు నీళ్ళలోంచి తల బయట పెట్టాడు. నా మొహం చూశాడు. ఏం చెబుతాడే వాడు? అన్న కూడా లేడు వదినా అని చెబుతాడా?"

నేను గడని ఇసుకలో గుచ్చి పడవ కదలకుండా పట్టాను.

"ఒకసారి చెప్పాక మరుసటేడు ఏం చెబుతాడు? ఏటా కిందికెళ్ళి ఈ ఇసుకలో ఒంటరిగా ఊపిరి బిగబట్టుకుని కూర్చుని, ఎంతసేపు ఉంటే నేను నమ్ముతానో అంతసేపు ఉండి వచ్చాడు. నువ్వేమో నోరు పడిపోను అంటున్నావు." ఆమె అద్దాలు తీసి, రవిక అంచుతో తుడిచి, నా చేతికిచ్చింది. "నాకేం కనపడలేదని చెప్పు. పొర అడ్డమొచ్చిందని చెప్పు. ఒట్టు వెయ్యి."

ఒట్టు వేశాను. తిరిగి వచ్చేటప్పుడు ఆమె మళ్ళీ బల్ల పట్టుకునే కూర్చుంది.

ఫెర్మీన్ మధ్యాహ్నం వచ్చాడు. పడవ దగ్గర ఆగి తాడు చూసి, తిన్నగా వంటింట్లోకి వచ్చాడు.

"పడవ ముడి నువ్వేసిందే. ఎక్కడికెళ్ళావే?"

"అక్కని తీసుకెళ్ళాను. నీ అద్దాలు కూడా."

అతను కూర్చోలేదు, నిలబడలేదు. గోడకి ఆనుకుని అలా ఉండిపోయాడు. ఎండలో రాటుదేలిన ఆ నల్ల మొహం బూడిద రంగుకి తిరిగింది.

"ఏం కనిపించింది?"

"ఏం కనిపిస్తుంది? ఆ కళ్ళకి పొరలాయె. అంతా మెరుపేనంది. మా మరిది చెప్పేదే నయమంది."

అతను కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. ఎప్పటి నుంచో లోపల బిగబట్టుకున్న ఊపిరి అది. పళ్ళెం ముందుకి జరిపాను. చిక్కుడుగింజల కూరలో రొట్టె ముంచుకుంటూ, ఉప్పు తక్కువైందని కూడా అనకుండా తిన్నాడు. అన్నేళ్ళుగా అతనితో కాపురం చేస్తూ, అతను ఇంత బరువు మోస్తున్నాడని నాకు తెలియలేదు. ఆ బరువు నా కోసం కాదే అన్న బాధ కూడా ఉంది. ఉందని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

"ఏంటయ్యా," అన్నాను. "నేను పోతే నా కోసం కూడా మునుగుతావా?"

"నువ్వెక్కడికి పోతావే? నీ నోటికి భయపడి సముద్రమే ఒడ్డు వదిలి పోద్ది," అన్నాడు. అని, తినడం ఆపి నా వైపు చూశాడు. నా చేతి పొక్కులు చూశాడు. లేచి వెళ్ళి కొబ్బరినూనె తెచ్చి నా అరచేతుల్లో రాశాడు.

నవంబరు వచ్చింది. పండుగ రోజు ఉత్తరగాలి మొదలైంది. నీళ్ళు బూడిదరంగులో నలిగిపోయి ఉన్నాయి. నిదెల్వియా మామూలుగానే నడిమి బల్ల పట్టుకుని కూర్చుంది, ఒళ్ళో పసుపుపచ్చ బంతిపూల బుట్ట. కుడికంటి పొర నల్లగుడ్డు మీదికి ఎక్కేసింది. ఫెర్మీన్ ట్యాంకుని లైట్‌హౌసు భుజం మీదికి తెచ్చి లంగరు వేశాడు. చొక్కా విప్పి, సిలువ గుర్తు వేసుకుని, మునిగాడు.

చాలాసేపు రాలేదు. కింద ఏమీ లేదని నాకు తెలుసు. నా మొగుడు అక్కడ ఇసుకలో ఊపిరి బిగబట్టుకుని, ఆమె నమ్మేంతసేపు కూర్చున్నాడని తెలుసు. నాకు తెలిసిందే నా పక్కన కూర్చున్న ఆమెకీ తెలుసు. ఇద్దరం ఆ నీళ్ళ వైపే చూస్తున్నాం. నేను పళ్ళు బిగించి, ఇక రావయ్యా, ఇక చాల్లే రా, అని లోపల్లోపల అతన్ని పిలుస్తున్నాను.

అతను తల పైకెత్తాడు. పడవ అంచు పట్టుకుని దగ్గాడు.

"ఎలా ఉన్నాడు?" అంది నిదెల్వియా.

"బాగున్నాడు వదినా."

ఇక పూలు వదలాలి. నేను బుట్ట అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు.

"ఫెర్మీన్, నా గురించి అడిగాడా?"

మా ఊళ్ళో ఆ మాట ఎవరూ అడిగిన వాళ్ళు లేరు. ఫెర్మీన్ ఆమె వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను మొహం తిప్పుకోలేదు. అతని జుట్టులోంచి నీళ్ళు కారి కళ్ళలోకి పోతున్నా రెప్ప వేయలేదు. అతనికి తెలిసిపోయిందని నాకు అర్థమైంది. ఆమె చూసిందనీ, చూసీ వచ్చిందనీ.

"అడిగాడు వదినా."

"ఏమని?"

"వేళకి తింటోందా అని."

నిదెల్వియా బల్ల వదిలింది. ముందుకి వంగి, పడవ అంచు మీదున్న అతని చేతి మీద తన చేయి వేసింది. అంచుకి అంత దగ్గరగా ఆమె రావడం నేను ఎన్నడూ చూడలేదు.

"తింటున్నానని చెప్పు," అంది.

ఫెర్మీన్ తల ఊపాడు. గుండెల నిండా గాలి పీల్చుకుని, ఆ మాట చెప్పడానికి మళ్ళీ మునిగాడు.